విజ్ఞాన యాత్రకు తోడువచ్చే తల్లిదండ్రులు

కోరుట్ల నుండి వేములవాడకు పోయే బాటలో కథలాపూర్ ఉన్నది. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లా ఏర్పడేవరకు ఇది కరీంనగర్ జిల్లాలోని మండలం. ఇక్కడ సైన్సు చెప్పే ఉపాధ్యాయునికి బడిలోని ప్రయోగశాల చిన్నదైనా, బడి బయట మాత్రం చాల పెద్ద ప్రయోగశాల ఉన్నది. ఈ మండలంలోనే కలికోటలో సూరమ్మ చెరువు ఉన్నది. శ్రీరాంసాగర్ నుండి మధ్య మానేరుకు గోదావరి నీటిని తెచ్చే 122 కిలోమీటర్ల వరద కాలువ ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నది. ‘జగిత్యాల సన్నాలు’, ‘పొలాస ప్రభ’ అనే వరి వంగడాలు అక్కడ పుట్టినవే. దక్షిణంగా పోతే సిరిసిల్లలో, అక్కడివారు సాంచాలని పిలిచే మరమగ్గాలు ఉన్నవి. ఊరి చుట్టూ వరి, మొక్కజొన్న, పసుపు, నడుమ తాటిచెట్లు. ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు సైన్సు పుస్తకంలోని పాఠాలలో సగానికి సాక్ష్యం ఈ చుట్టుపక్కలనే దొరుకుతుంది.

అయినా ఇటువంటి చోట్ల చాల పాఠశాలలు ఏడాదికి ఒక్క విజ్ఞాన యాత్ర కూడ చేయవు. కారణం అడిగితే డబ్బు లేదంటారు, బండి లేదంటారు. చెరువు నడిచిపోయే దూరంలో ఉన్న ఊళ్ళో ఈ కారణం నిలువదు. అసలు కారణం భయం. నలభైమంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఎదురుగా నీరు! ఈ భయం న్యాయమైనదే. దీనికి అందరూ చెప్పే ఉపాయం ఒకటున్నది: కొందరు తల్లిదండ్రులను తోడు తీసికొని పోవడం. ఉపాయం మంచిదే. కాని ముందుగా సిద్ధం చేయకుండా ఆరుగురు పెద్దలను వెంట తీసికొని పోతే ప్రమాదం తగ్గుతుందన్న నమ్మకం లేదు. ఒక్కొక్కప్పుడు పెరుగుతుంది కూడ. ఈ మాట వింతగా తోచవచ్చు. దీని వెనుక మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో నిరూపించిన సంగతులు కొన్ని ఉన్నవి. అవి తెలిస్తే తల్లిదండ్రులకు ఏమి చెప్పవలెనో దానంతట అదే తేలుతుంది.

ముందుగా, ఈ ప్రాంతంలో తోడువచ్చే ‘తల్లిదండ్రులు’ ఎవరో చూడవలెను. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫు దేశాలకు పనికి పోయినవారు వేలసంఖ్యలో ఉన్నారు. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఇంట్లో ఉన్నది తల్లి, లేదా తాత, అవ్వ. ఆ తల్లి చాలచోట్ల బీడీలు చేస్తుంది. ఆ పనికి కూలి వేయి బీడీల లెక్కన వస్తుంది కనుక, ఒక దినం బడికోసం పోతే ఆ దినపు కూలి పోయినట్లే. ‘తల్లిదండ్రులకు పిల్లల చదువుమీద శ్రద్ధ లేదు’ అని ఉపాధ్యాయుల గదిలో తేలికగా అనుకొనే మాటకు ముందు ఈ లెక్క వేసి చూడవలెను. పూర్తి దినం అడుగక పూట మాత్రమే అడగడం, పదిహేను దినాల ముందే చెప్పడం, ఒకే తల్లిని ఏడాదిలో రెండుసార్లు పిలువకపోవడం, ఇవి మర్యాద కొరకు మాత్రమే చేసేవి కావు. ఇవి లేకపోతే మనుషులు రారు.

చట్టం కూడ తల్లిదండ్రులకు బడిలో చోటు ఇచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడువంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండవలెను. సభ్యులలో సగంమంది స్త్రీలు. తెలంగాణలో 2024లో స్వయం సహాయక సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడినవి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిది తరగతుల పిల్లలు పది దినాలపాటు సంచి లేకుండా బడికి వచ్చి, స్థానిక వృత్తులవారి దగ్గర నేర్చుకొనవలెనని చెప్పింది. కాగితంమీద ఇదంతా ఉన్నది. యాత్రకు వచ్చిన తల్లికి మాత్రం అన్నం గిన్నెలు మోసే పని అప్పగించి ఊరకుంటాము.

కన్ను ఎంతమందిని పట్టగలదు?

1988లో కెనడాలో పిలిషిన్, స్టార్మ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక చిన్న ప్రయోగం చేశారు. తెరమీద ఒకేవిధంగా ఉన్న గుర్తులు కొన్ని ఉంటవి. వాటిలో కొన్నింటిని ముందు మినుకుమనిపించి ‘వీటిని కనిపెట్టి ఉండండి’ అని చెప్తారు. తరువాత గుర్తులన్నీ అటూ ఇటూ కదులుతవి. కొంతసేపటికి ఆగినప్పుడు ముందు చూపినవి ఏవో చెప్పవలెను. మనుషులు నాలుగైదింటిని మాత్రమే సరిగా వెంబడించగలిగారు. తరువాత ఎందరో ఇదే ప్రయోగాన్ని ఎన్నోవిధాలుగా చేసి చూచారు. వేగం పెరిగినప్పుడు, గుర్తులు ఒకదానికొకటి దగ్గరగా వచ్చినప్పుడు ఆ నాలుగు కూడ తగ్గుతవి.

ఒకే రంగు చొక్కాలు వేసికొని, ఒకే ఎత్తున ఉండి, గట్టుమీద పరుగెత్తే నలభైమంది పిల్లలు ఆ తెరమీది గుర్తులకంటె ఏమంత సులభం? ముఖాలు తెలిసినవే కనుక, నడుమనడుమ లెక్కపెట్టుకొంటాము కనుక నాలుగును ఐదు, ఆరు వరకు సాగదీయవచ్చు. అంతకు మించి ఒకరికి అప్పగించరాదు. నలభైమంది పిల్లలకు ఆరుగురు తల్లిదండ్రులు, ఒక ఉపాధ్యాయుడు కలిసి ఏడుగురైతే తలకు ఐదుగురో ఆరుగురో వస్తారు. రెండవ ఉపాధ్యాయుని చేతికి ఏ జట్టునూ ఇవ్వకూడదు. అతడు మొత్తం మీద కన్ను వేసి ఉండవలెను. పెద్ద ఉపాధ్యాయుడు కూడ ఒక జట్టును తీసికొని పాఠం చెప్పడంలో మునిగిపోతే, యాత్రకు నడిపేవాడు లేనట్లే.

ఈ సంగతిని తల్లిదండ్రులకు మాటలతో చెప్పనక్కరలేదు. సన్నాహ సమావేశం నాటి సాయంత్రం బడి ఆవరణలో పన్నెండుమంది పిల్లలను నిలబెట్టండి. ముగ్గురిని చూపి, ‘వీరిని విడవకుండ చూడండి’ అని ఒక తల్లికి చెప్పండి. పిల్లలు రెండు నిమిషాలు కలిసిపోయి తిరగాలి. ఆగమనగానే అందరూ కండ్లు మూసికొన్న ఆ తల్లి వెనుకకు చేరవలెను. ‘మీ ముగ్గురు మొదట ఎక్కడున్నారు, చివర ఎక్కడున్నారు?’ అని అడిగితే చెప్పగలుగుతుంది. ఇప్పుడు ఎనిమిదిమందిని ఇచ్చి చూడండి. ఆమె నవ్వుతూ ‘నాతోటి కాదు సారూ’ అంటుంది. ఆ నవ్వులో ఉపన్యాసంలో లేనంత పాఠం ఉన్నది.

రెండవ ఆట ఇంకా ముఖ్యమైనది. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు కొందరికి ఒక చలనచిత్రం చూపించారు. అందులో కొందరు బంతి విసురుకొంటూ ఉంటారు. తెల్లచొక్కాలవారు ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టవలెను. ఆట మధ్యలో గొరిల్లా వేషం వేసిన మనిషి ఒకరు నడుమకు వచ్చి, రొమ్ము చరచుకొని పోతారు. చూచినవారిలో సుమారు సగంమందికి ఆ గొరిల్లా కనబడనే లేదు! వారి కండ్లలో లోపమేమీ లేదు. మనస్సు ఒకదానిమీద కట్టుబడినప్పుడు కంటిముందు జరిగేదే పట్టుబడదు. దీనిని బడి ఆవరణలో చేయడానికి గొరిల్లా అక్కరలేదు. పిల్లలు బంతి విసురుకొంటూ ఉండగా లెక్కపెట్టమని తల్లిదండ్రులకు చెప్పండి. మధ్యలో ఒక పిల్లవాడు మెల్లగా గేటు దాటి పోవలెనని ముందే ఏర్పాటు చేయండి. ఆట ముగిసిన తరువాత బంతి లెక్క అడుగకండి. ‘ఇందులోనుంచి ఎవరు పోయారు?’ అని అడగండి. ఎవరికీ తెలియకపోవచ్చు. చెరువు గట్టుమీద సెల్‌ఫోనుతో ఫోటోలు తీసే పెద్దమనిషి ఈ బంతి లెక్కపెట్టే మనిషివంటివాడే. అందువలన తోడువచ్చినవారి ఫోన్లు జేబులోనే ఉండవలెను. ఫోటోలు తీయడానికి జట్టు బాధ్యత లేని ఒకరిని ముందే నియమించుకోవచ్చు. ఆ ఫోటోలు కూడ తల్లిదండ్రుల అనుమతి లేకుండా వాట్సాపులో పెట్టరాదు.

ఇక మూడవది. 1968లో డార్లీ, లాటానే అనే ఇద్దరు న్యూయార్కులో చేసిన ప్రయోగంలో, వేరువేరు గదులలో కూర్చున్న విద్యార్థులకు మైకులో ఒక తోటి విద్యార్థి మూర్ఛవచ్చి అలమటిస్తున్నట్లు వినిపించారు. వింటున్నది తానొక్కడే అనుకొన్నవారిలో నూటికి 85 మంది ఆ మూర్ఛ ముగిసేలోగా సాయానికి లేచారు. మరొకరు కూడ వింటున్నారని తెలిసినప్పుడు 62 మంది. ఇంకా నలుగురు వింటున్నారని తెలిసినప్పుడు 31 మంది మాత్రమే. వీరు రాతిగుండెవారు కారు. చాలమంది వణికిపోతూ కూర్చున్నారు. ‘ఎవరో ఒకరు చూస్తారులే’ అన్న భావం మనిషిని పట్టి ఉంచుతుంది. పెద్దలు పెరిగినకొద్దీ ప్రమాదం ఒక్కొక్కప్పుడు పెరగవచ్చునని మొదట చెప్పిన మాటకు అర్థం ఇదే. ఆరుగురు పెద్దలు నలభైమందిని ‘అందరినీ’ చూస్తున్నప్పుడు నిజానికి ఏ పిల్లవానినీ ఎవరూ చూడడం లేదు.

దీనికి మందు చాల సులభం. ప్రతి పిల్లకు ఒక పెద్దవారి పేరు ఉండవలెను, ప్రతి పెద్దవారికి ఐదుగురు పిల్లల పేర్లు ఉండవలెను. చదువురాని తల్లికి పేర్లు వ్రాసిన కాగితం పనికిరాదు. ఆమె జట్టు పిల్లల మణికట్టుకు ఒకే రంగు గుడ్డపేలిక కట్టండి, ఆమె చేతికీ అదే రంగు. లెక్క ఆమెకు మనకంటె బాగా వచ్చు. బీడీలను ఇరవైఐదేసి కట్టలు కట్టే చేయి ఐదుగురిని తప్పదు. జట్టులో మళ్ళీ ఇద్దరిద్దరు జంటలుగా ఉండి, ఈల వినగానే జంట చేయి పట్టుకొని నిలబడవలెను. ఒంటరిగా నిలబడినవాడు కనబడితే వాని జంట ఎక్కడనో తప్పిపోయినట్లు. బండి ఎక్కేముందు, దిగినప్పుడు, ఒక చోటు వదలి మరొక చోటికి పోయేముందు తలలు లెక్కపెట్టవలెను.

పెద్దవారి జట్టులో వారి సొంత బిడ్డ ఉండవచ్చునా అన్నది తరచు వచ్చే ప్రశ్న. చిన్న తరగతులలో ఉండనివ్వడమే మేలు, లేకపోతే ఆ పిల్ల ఏడుస్తుంది. ఉన్నత పాఠశాలలో మాత్రం వేరే జట్టులో వేయడమే మంచిదని నా అభిప్రాయం. తల్లి చూపు తన బిడ్డవైపే లాగుతుంది. మిగిలిన నలుగురికి ఆ చూపులో భాగం తగ్గుతుంది. ఆ బిడ్డకూ తల్లి ముందర ప్రశ్న అడగడానికి సిగ్గు.

నీటి దగ్గర

మునిగిపోయే మనిషి చేతులు ఊపి, ‘కాపాడండి’ అని కేకలు వేస్తాడని సినిమాలలో చూచి అనుకొంటాము. చాలసార్లు అట్లా జరగదు. నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణంలో గాలి పీల్చుకొనడానికే సమయం చాలదు, కేక వేయడానికి గాలి మిగలదు. చేతులు తనంతట తామే పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతవి, ఊపడానికి పైకి లేవవు. మనిషి నిలువునా ఉంటాడు, తల వెనుకకు వాలుతుంది. గట్టుమీదివారికి ఆడుకొంటున్నట్లే తోస్తుంది. ఈ స్థితి 20 నుండి 60 సెకన్లకంటె ఎక్కువ నిలువదని అమెరికాలో ఈత కాపలాదారుగా పనిచేసిన ఫ్రాన్సిస్కో పియా గమనించి చెప్పాడు. అందువలన తల్లిదండ్రులకు చెప్పవలసిన మొదటి మాట: నీటి దగ్గర సద్దుకాదు, నిశ్శబ్దమే భయపడవలసినది.

రెండవ మాట ప్రవాహాన్ని గురించి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో రాళ్ళమీద నిలబడి ఉన్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, వారి వెంట వచ్చిన యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకొనిపోయారు. అక్కడ వాన పడలేదు. ఎగువన లార్జి ఆనకట్ట నుండి నీరు వదిలారు. మన కాలువలలోనూ ఇదే సూత్రం: మన నెత్తిన ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా, ఎగువన తలుపు ఎత్తితే దిగువన నీరు పెరుగుతుంది. యాత్రకు ముందు దినం నీటిపారుదల శాఖవారిని అడిగి తెలిసికొనడం ఉపాధ్యాయుని పని. ఆ సమాచారాన్ని తోడువచ్చే ప్రతివారికి చెప్పడం కూడ అతని పనే.

మోకాటిలోతు నీరు ఏమి చేస్తుందనుకొనేవారికి తొమ్మిదవ తరగతి భౌతికశాస్త్రం నల్లబల్లమీద చూపవచ్చు. ప్రవాహం నెట్టే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అర మీటరు లోతు నీటిలో రెండు కాళ్ళు ప్రవాహానికి అడ్డంగా ఉన్న పిల్లవానిని, సెకనుకు ఒక మీటరు వేగంగల నీరు సుమారు 7 కిలోల బరువంత బలంతో నెట్టుతుంది. వేగం రెండు మీటర్లయితే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అనగా దాదాపు 28 కిలోలు. 35 కిలోల పిల్లవాడు కాలికింద నాచు ఉన్న కాంక్రీటుమీద దీనికి నిలువగలడా? ఈ లెక్క చూచిన తరువాత ‘కాళ్ళు కడుక్కొనిపోనీ సారూ’ అనే తాతలు తగ్గుతారు.

కనుక యాత్రకు మూడు నాలుగు దినాల ముందు ఉపాధ్యాయుడు ఇద్దరు తల్లిదండ్రులతో ఆ చోటికి పోయి చూడవలెను. గట్టుమీద నీటి అంచుకు ఐదు మీటర్ల ఇవతల ఎక్కడ గీత గీయవచ్చునో చూచుకొనవలెను. యాత్రనాడు పొద్దున ముగ్గుపిండితో ఆ గీత పోయాలి. పిల్లలకు అది దాటరాని గీత. పెద్దలు ఆ గీతమీద, నీటికి వీపు పెట్టి, పిల్లలవైపు తిరిగి నిలబడవలెను. అందం నీటివైపే ఉంటుంది, పిల్లలు ఇటువైపు ఉంటారు. నీటి నమూనా కావలెనంటే తాడు కట్టిన సీసాతో పెద్దవారు తీసి ఇవ్వవచ్చు.

ఎవరైనా పడితే వెంట దూకడం మన ఊళ్ళలో సహజం. ఒకరికోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతాము. కర్ర చాచండి, తాడు వేయండి, మూతబిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసరండి. ఈ మూడింటినీ యాత్రకు తీసికొనిపోవలెను. ఎవరి చేతిలో ఏది ఉంటుందో ముందే అనుకొనవలెను. పడవ ఎక్కించే మాటే తలపెట్టవద్దు. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో బడి విహారయాత్రకు వచ్చిన పడవ బోల్తాపడి 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. పడవలో పరిమితికి మించి ఎక్కించారు. రక్షక కోట్లు అందరికీ లేవు.

పరిమితి మాట వచ్చినప్పుడు మన జిల్లావారికి కొండగట్టు గుర్తుకు రాక తప్పదు. 2018 సెప్టెంబరు 11న అక్కడి ఘాటు బాటమీద కిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. విజ్ఞాన యాత్రకు బండి మాట్లాడినప్పుడు సీట్లెన్నో పిల్లలెందరో లెక్కచూచి, ‘సర్దుకొని కూర్చుంటారులే’ అనే మాటను ఎవరు అన్నా వినవద్దు. ఈ విషయంలో ‘లేదు’ అని చెప్పే హక్కు తోడువచ్చిన తల్లికి కూడ ఉన్నదని సమావేశంలో ప్రధానోపాధ్యాయుడు తన నోటితో చెప్పవలెను. ఆయన చెప్పనిదే ఆమె అనదు.

ఎండ, పాము, తేనెటీగలు

ఈ ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం క్రొత్త కాదు. మార్చి తరువాత యాత్ర పెట్టవద్దు. పెట్టితే పొద్దున పదిగంటలకు తిరిగి రావలెను. పిల్లవాడు తలనొప్పి, వాంతి వచ్చినట్లున్నదని అంటే నీడకు చేర్చి నీళ్ళు త్రాగించవచ్చు. పొట్లం లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే చాలు. మాట తడబడి, మతి తప్పినట్లు ఉంటే మాత్రం అది వడదెబ్బ. నోటిలో ఏమీ పోయక, ఒంటిమీద నీళ్ళు పోసి విసరుతూ 108కి ఫోను చేయవలెను.

పాము విషయంలో పెద్దలకు తెలిసిన వైద్యమే చిక్కు. కాటుకు పైన బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం: ఇవి మూడూ హానికరం. కట్టు బిగిస్తే రక్తం ఆడక కాలు చెడుతుంది. కరచిన కాలును కదలనీయక, పిల్లవానిని నడిపించక, విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే పని. ఈ మాటను ప్రమాదం జరిగిన తరువాత తాతకు చెప్పబోతే వినడు. ముందు చెప్తే వింటాడు.

ఎత్తైన చెట్లకు, వంతెనల కింద పెద్ద తేనెపట్లు ఉంటవి. ఒక తేనెటీగ కుట్టినప్పుడు వెలువడే రసాయనంలో అరటిపండు వాసన వేసే పదార్థం ఉంటుంది. ఆ వాసన మిగిలినవాటిని పిలుస్తుంది. అందువలన పట్టు కనబడిన చోట రాయి వేయనీయరాదు. లేచిన తరువాత అక్కడ నిలబడక ముఖం కప్పుకొని దూరంగా పరుగెత్తవలెను.

చెప్పడం కాదు, అడగడం

ఇంతవరకు చెప్పినదంతా పిల్లలను ఇంటికి క్షేమంగా చేర్చడానికి. అందుకు మాత్రమే అయితే యాత్ర ఎందుకు? తోడువచ్చిన పెద్దలు పాఠంలో కూడ భాగస్వాములు కావచ్చు. ఇక్కడ ఎక్కువమంది చేసే పని, ప్రశ్న అడిగి తామే జవాబు చెప్పడం. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త తరగతి గదులలో కాలం కొలిచి చూచింది. ఉపాధ్యాయుడు ప్రశ్న వేసిన తరువాత సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నాడని తేలింది. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేసినప్పుడు పిల్లల జవాబులు పొడవైనవి, ‘తెలియదు’ అనేవి తగ్గినవి, వెనుకబెంచీ పిల్లలు కూడ నోరు తెరిచారు. తోడువచ్చే తల్లికి దీనిని నేర్పడం ఎంతసేపు? ‘ఏం చూసినవ్ బిడ్డా?’ అని అడిగి, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకొనవలెను. అంతే. జవాబు తప్పైనా దిద్దనక్కరలేదు. ‘ఇంకెక్కడన్న గట్లనే ఉన్నదా?’ అని రెండవ ప్రశ్న వేస్తే చాలు.

వారికి తెలిసినది మనకు తెలియని సందర్భాలు ఎన్నో ఉన్నవి. తాటిచెట్టును చూపి పోతుతాడేదో పండుతాడేదో గీత కార్మికుడు దూరం నుండే చెప్పగలడు. ఆడ, మగ పూలు వేరువేరు చెట్లకు పూచే మొక్కలను గురించి పుస్తకంలో రెండు పంక్తులు ఉంటవి, ఆయన దగ్గర ఒక పూట పాఠం ఉన్నది. బీడీలు చేసే తల్లి తునికాకును వేలితో తడిమి ఈనె మందమో పలుచనో చెప్తుంది. ఆకు నిర్మాణం చెప్పడానికి ఇంతకంటె మంచి ఉపాధ్యాయిని దొరకదు (పొగాకు చేసే హానిని చెప్పే పాఠం వేరే ఉన్నది, దానిని ఆమె ముందర ఎత్తనక్కరలేదు). పసుపు తవ్విన ఇంటివారు కొమ్ములను ఎందుకు ఉడికిస్తారో అడగండి. మొలక రాకుండా, తొందరగా ఎండడానికి, రంగు లోపలంతా సమంగా పట్టడానికి అంటారు. ఉడికినప్పుడు పిండిపదార్థం జిగురుగా మారడంవల్లనే ఎండిన కొమ్ము గట్టిపడుతుందని ఉపాధ్యాయుడు అప్పుడు కలపవచ్చు.

సిరిసిల్లకు పోయేటప్పుడు సాంచా నడిపే తండ్రి ఒకరు ఉంటే ఆయన చేతికే యాత్రను అప్పగించవచ్చు. అక్కడ ఒక చిక్కు ఉన్నది: మగ్గాలు నడుస్తున్న కొట్టంలో ఈల వినబడదు, కేక వినబడదు. చేతి సైగలు ముందే నేర్పవలెను. అరచేయి చూపితే ఆగడం, చేయి తలపైన తిప్పితే బయటికి పోవడం. చున్నీలు, జడలు బిగించి కట్టుకొనకపోతే బెల్టులో చిక్కుతవి. ఆరుగురికంటె ఎక్కువమంది ఒక్కసారి లోపలికి పోరాదు. పోగు తెగినప్పుడు మగ్గం దానంతట అది ఎట్లా ఆగుతుందో ఆ తండ్రి లోపల చూపి, బయటికి వచ్చిన తరువాత వివరించవలెను.

తోడువచ్చే పెద్దలు పాటించవలసిన నియమం మరొకటి ఉన్నది. చెప్పడానికి కొందరు ఉపాధ్యాయులు మొగమాటపడుతారు. ఏ పెద్దవారూ ఒక్క పిల్లను ఒంటరిగా ఇతరుల కంటికి కనబడని చోటికి తీసికొనిపోరాదు. మరుగుకు పోవలసి వస్తే ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు. ఆడపిల్లల వెంట స్త్రీలు. ఇది ఎవరిమీదనో అనుమానం వల్ల కాదు, అందరికీ ఒకే నియమం కనుక ఎవరికీ తప్పుగా తోచదు. అనుమతి పత్రంమీద దుబాయిలోని తండ్రి ఫోనులో ‘సరే’ అంటే చాలదు. ఇంటి దగ్గర ఉన్న సంరక్షకుని సంతకమో వేలిముద్రో ఉండవలెను. ఆ పూట ఊళ్ళో ఎత్తే ఫోను నంబరు ఒకటి ఉండవలెను. ఉబ్బసం, మూర్ఛ, మందు పడకపోవడం వంటివి ఆ పిల్ల జట్టును చూచే పెద్దవారికి మాత్రమే చెప్తే చాలు, ఊరంతటికీ అక్కరలేదు.

సన్నాహ సమావేశానికి గంటన్నర చాలు. మొదట ఆవరణలో రెండు ఆటలు, తరువాత నల్లబల్లమీద నీటి లెక్క, తరువాత రంగు పేలికలు పంచడం, చివర ‘ఒకటి, రెండు, మూడు’ అని ఆగడం సాధన చేయడం. ఉపన్యాసం వద్దు, అచ్చువేసిన కాగితాలూ వద్దు. సాయంత్రం పొలం నుండి వచ్చిన మనిషికి కూర్చొని వినడం కష్టం. లేచి ఆడటం కష్టం కాదు.

యాత్ర మరునాడు ఆ ఆరుగురినీ మధ్యాహ్న భోజనానికి పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: ‘మీ లెక్క ఎప్పుడు తప్పినట్లు అనిపించింది?’ ఒకరు బండి దిగేటప్పుడు అంటారు, ఒకరు అన్నం తినేటప్పుడు అంటారు. ఆ చోట్లను ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టితే వచ్చే ఏడాది ఇంకొక తరగతికి తోడుపోయేవారికి దానినే చదివి వినిపించవచ్చు. పసుపు ఇంటి తల్లిని వారం తరువాత తరగతికి పిలవండి. ఆమె చిటికెడు పసుపులో సున్నపు నీరు కలిపి ఎరుపు తెప్పిస్తుంది, పిల్లలు దానిమీద నిమ్మరసం పిండి మళ్ళీ పసుపురంగు తెప్పిస్తారు. ఆమ్లాలు, క్షారాలు అనే పాఠం ఆ దినానే మొదలుపెట్టవచ్చు.